మునగలేని మనిషికి బాప్తిస్మం

ప్రియమైన చిన్నోడా,

ఫోన్‌లో అయితే ఏడుపే తప్ప మాట రావడం లేదు. అందుకే రాసి మనిషితో పంపుతున్నాను. మీ బావకి గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గొంతు పెగలదు, పెదవులు కదిపితే నేను చూసి అర్థం చేసుకుంటున్నాను. నిన్నటి నుంచీ ఒకటే మాట: "బాప్తిస్మం."

పెళ్ళయిన దగ్గర్నుంచీ "నాకింకా అర్హత రాలేదు" అంటూ వాయిదా వేసిన మనిషి! ప్రార్థన మాత్రం ఒక్క పూట మానలేదు. నేనేమో చిన్నప్పుడే, నాన్న కళ్ళెర్రజేస్తే చర్చి నీళ్ళ తొట్టెలో మునిగి లేచాను. తల ఆరేలోపే అనుమానాలు మొదలయ్యాయి. మా ఇద్దరిలో క్రైస్తవులెవరో నువ్వే చెప్పు, పాస్టరువి కదా.

ముంచితే నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతాయంటున్నారు డాక్టరు. చిలకరిస్తే చాలదా? త్వరగా రా.

నీ అక్క

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని సంఘ పెద్దల దగ్గర కూర్చున్నాను. "మునిగితేనే బాప్తిస్మం. చిలకరించడానికి ఆయనేమన్నా పూలమొక్కా?" అన్నారొకాయన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ, నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

విశ్వాసమే రక్షిస్తుందని వారం వారం చెప్పేది నేనే. కానీ చిలకరించి వస్తే నన్ను పాస్టరుగా ఉంచరు. బాప్తిస్మం లేకుండా పోతే మన సంఘం సమాధుల తోటలో బావకి చోటివ్వరు. కోలుకుంటాడని ప్రార్థిస్తున్నాను. కాస్త ఓపిక పట్టు.

తమ్ముడు

చిన్నోడా,

ఓపిక పట్టడానికి ఆయనకి ఊపిరుండాలిగా.

నువ్వు రాలేదు. నేనే గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. నర్సమ్మ గొట్టం చుట్టూ తువ్వాలు కప్పి, తల పట్టుకుంది. "నువ్వు నమ్ముతున్నావా?" అని మీ బావ అడిగారు, పెదవులతోనే. ఆ స్థితిలో అబద్ధమాడలేకపోయాను. "తెలీదండీ," అన్నాను.

"నేను నమ్ముతున్నాగా. నీళ్ళు పొయ్యి."

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నుదుటి మీద పోశాను. సగం నీళ్ళు నా చీర మీదే పడ్డాయి.

ఈ పొద్దున పోయారు. అది చెల్లిందో లేదో నాకు తెలీదు. ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టాలో మీ పెద్దల్ని మాత్రం అడగను. నిన్నే అడుగుతున్నాను.

అక్క

అక్కా,

బావ బాప్తిస్మం పొందాడని పెద్దలతో చెప్పాను.

"ఎవరిచ్చారు?"

"మా అక్క."

"ఆవిడకి నమ్మకమే లేదుగా!"

"తీసుకున్నాయనకి ఉంది. ఇవ్వాల్సిన నాకే లేకపోయింది."

చర్చి తాళాలు అడిగారు, ఇచ్చేశాను. తోట తాళం ఇవ్వలేదు. గుంట తవ్వడానికి ఒక్క మనిషినీ రానివ్వబోమన్నారు. పార తీసుకుని బయల్దేరుతున్నాను. అమ్మ సమాధి పక్కన నేల గట్టిది, ఆలస్యమవుతుంది. నువ్వు బావని తీసుకురా.

నీ చిన్నోడు