అరవై రెండు రాసుకోమన్నాను

భవానీపురం,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన చెల్లి సుగుణకు అక్క దీవెనలు.

ప్రభువు దయవల్ల మేమంతా క్షేమం. అమ్మ, మరిదిగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నేను మన ఊరు వదిలి అమ్మాయి ఇంటికి వచ్చి ఏడు నెలలు నిండాయి. మనవణ్ణి స్కూలు ఆటో ఎక్కించాక నాకు పని ఉండదు. మూడో అంతస్తుకు కూడా లిఫ్టులోనే. సాయంత్రం దాకా పలకరించే మనిషి లేక బైబిలు చదువుకుంటాను. అన్నం మాత్రం పొలంలో కలుపు తీసిన రోజుల్లో తిన్నంతే తింటున్నాను. బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఒక సంగతి ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. అమ్మకు కూడా చదివి వినిపించు.

నెల క్రితం ఆరాధన అయ్యాక మా చర్చిలో షుగరు, బీపీ చూసే క్యాంపు పెట్టారు. ఉత్తరాది నుంచి వచ్చిన చిన్న డాక్టరమ్మ కాటా ముందు కూర్చుంది. వచ్చీరాని తెలుగులో, "ఆంధ్రా ఆంటీలు చాలా లావు. పేపర్లో కూడా వచ్చింది. మా ఊర్లో అందరికీ తెలుసు" అని నవ్వింది.

ఆ పిల్ల వెక్కిరించలేదు. కానీ ఆడవాళ్ళందరి ముఖాలూ మాడిపోయాయి. పెద్దదాన్నని నావైపు చూశారు. నేను లేచాను.

"లావు కాదమ్మా, ఒళ్ళు చేశామంటాం. మా వైపు అది ముద్దు మాట. పదిమందికి అన్నం పెట్టే నేల మాది. చిక్కిపోతేనే మాకు చిన్నతనం."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు గర్వం వచ్చింది.

"సరే ఆంటీ, కాటా ఎక్కండి" అంది డాక్టరమ్మ.

ఎక్కలేదు. "నాకు తెలుసులే, అరవై రెండు రాసుకో" అన్నాను. అది అమ్మాయి పెళ్ళినాటి నా బరువు. ప్రభువు బల్లకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి అబద్ధమాడాను సుగుణా.

నా వెనకే రూతమ్మ ఉంది. మా కింద ఫ్లాటు ఆవిడ, ఈ ఊళ్ళో నాకు దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు. "అక్క ఎక్కని కాటా నేనెక్కుతానా" అని చెప్పులు తొడుక్కుంది. మిగతావాళ్ళూ లేచారు. వేలికి సూది కూడా ఎవరూ పొడిపించుకోలేదు.

రూతమ్మ కాలి వేలికి అప్పటికే పుండు ఉందట. చెప్పు కరిచిందనుకుని పసుపు రాసుకుంటోంది. మూడు వారాలకు వేలు నల్లబడింది. ఆసుపత్రిలో చూస్తే షుగరు బాగా ఎక్కువ. వేలు తీసేశారు. ముందే తెలిసి ఉంటే పుండు మందులతోనే మానేదేమో అన్నారు.

"నీ తప్పేముందక్కా, కాటా ఎక్కడానికి నాకు కాళ్ళు లేవా" అంది రూతమ్మ. ఆ మాటకు తలెత్తలేకపోయాను. మన వైపు వాళ్ళ పరువు కాపాడాననుకున్నాను. కాపాడుకుంది నా నడుమును, నలుగురి కంట పడకుండా.

ఈ ఉదయం మందుల షాపులో కాటా ఎక్కి, చర్చికి వెళ్ళి, సాక్ష్యాల వేళ జరిగింది జరిగినట్టు చెప్పాను. బరువుతో సహా. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ డాక్టరమ్మను మళ్ళీ పిలుస్తామని పాస్టరుగారు అన్నారు. ఆ పిల్లకు క్షమాపణ చెప్పుకోవాలి.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్తే రూతమ్మ, "ఎంతొచ్చిందక్కా" అంది. చెప్పాను. కాసేపు లెక్కేసుకుని, "నాకంటే మూడు ఎక్కువే. ఇన్నాళ్ళూ లిఫ్టులో నన్ను వెనక్కి జరగమన్నది నువ్వే కదా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దుప్పటి సర్ది, ఆ కాలి దగ్గరే కూర్చున్నాను.

ఈసారి బస్సులో సున్నుండలు పంపకు, మునగాకు పంపు. నేను వచ్చినప్పుడు చిక్కిపోయానని బాధపడవద్దు. అమ్మకు నా వందనాలు. నా తప్పు కోసం ప్రార్థన చేయమను. మరిదిగారిని అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు.

అమ్మను తీసుకెళ్ళి షుగరు చూపించు. ముందు నువ్వు కాటా ఎక్కు, నిన్ను చూసి తనూ ఎక్కుతుంది. ఎంతొచ్చిందో తగ్గించకుండా రాయి. నాది ముందు నేనే రాస్తున్నాను.

ఎనభై నాలుగు.

నీ క్షేమం కోరే అక్క,
మార్తమ్మ