నేను పెట్టిన ముహూర్తం

13-3-1957, జమ్మలమడుగు
నిన్న పెళ్లి జరిపిస్తుంటే మంత్రం మధ్యలో ఏడుపొచ్చింది. భార్య పోయినప్పటి నుంచి నా పని ఇదే. నిద్ర లేదు, అన్నం సయించదు. మిగతా పెళ్లి వేరే పురోహితుడు కానిచ్చాడు. తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను.

సాయంత్రం తమ్ముడు సీతాపతి వచ్చి కూర్చున్నాడు. మద్రాసులో ఒక షావుకారింట్లో హోమం ఉందట, నేనే కావాలన్నారట. ఎప్పుడు పోతే బాగుంటాదో నువ్వే చూసి చెప్పన్నా అన్నాడు. రేపు గురువారం, దక్షిణానికి వారశూల, పోకూడదు. శుక్రవారం పొద్దున బయల్దేరుదాం అన్నాను. నన్ను నమ్మి పిలిచేవాళ్లు ఇంకా ఉన్నారంటే సంతోషమేసింది.

మరదలు లలితకు ఏడో నెల. పంచపాత్ర, దర్భలు మూట కట్టి ఇచ్చింది. నా వైపు చూడలేదు. పాపం, అలసట అనుకున్నాను.

16-3-57, మద్రాసు
హోమం లేదు. ఇది పిచ్చాసుపత్రి.

18-3-57
మొన్న వచ్చిన రోజు గేటు దగ్గర ఎవరిల్లురా ఇది అని అడిగాను. సీతాపతి నేల చూశాడు. ఇద్దరు వార్డుబాయ్‌లు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. జంధ్యం చేత్తో పట్టుకుని, నీ ఇంట పుట్టేది నిలవదు పో అని అరిచాను. వాడి మొహం పాలిపోయింది.

డాక్టరు దగ్గరికి పోదాం రాన్నా అని ఉంటే సణుగుతూనైనా వచ్చేవాణ్ణి. నా సంగతి నాకు తెలియదా? వాడు నన్ను మంచి ఘడియ అడిగాడు గానీ, వస్తావా అని మాత్రం అడగలేదు.

2-4-57
తలకు కరెంటు షాక్ ఇస్తున్నారు. నిద్ర పడుతోంది. డాక్టరు మంచివాడే. ఇదంతా చేసేముందు నన్ను ఒక మాట అడగరా అన్నాను. అడిగితే ఎవరు ఒప్పుకుంటారు స్వామీ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

20-5-57
నయమైంది, పోవచ్చన్నారు. కాకపోతే చేర్పించినవాళ్లే వచ్చి తీసుకుపోవాలట. సీతాపతికి రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. ఎందుకు రాస్తాడు? లలితకు నెలలు నిండాయి. నా శాపానికి భయపడి ఉంటాడు. ఎంతమందికి నూరేళ్లు బతకమని శతమానం చెప్పిన నోరు ఇది! సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆ శాపమే దొరికిందా దీనికి?

24-5-57
ఎవరూ రాలేదు.

9-6-57, రైల్లో
సీతాపతి వచ్చాడు. సగమయ్యాడు. మగపిల్లోడు పుట్టినాడు, ఇద్దరూ బాగుండారు, నువ్వే వచ్చి పేరు పెట్టాలన్నా అన్నాడు. సంతోషించాల్సింది పోయి, ఈసారి ఎక్కడికి తీసుకుపోతాడో అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. కాసేపటికి, తప్పైపోయిందన్నా అన్నాడు. ఆ మాట నేనూ అనాలి. బిడ్డ ఏ ఘడియలో పుట్టాడని అడిగాను.

10-6-57, ఇల్లు
లలిత బిడ్డను తెచ్చింది. వద్దమ్మా, నాకియ్యొద్దు అని వెనక్కి జరిగాను. లలిత ఒక చేత్తో నా రెక్క గట్టిగా పట్టుకుని బిడ్డను ఒళ్లో పెట్టేసింది.

ఇదీ బలవంతమే. విడిపించుకోలేదు.