నన్ను పడుకోబెట్టొద్దు

నాచారం,
జూన్ 3.

శ్మశానవాటిక కమిటీ కార్యదర్శి సీతారామయ్య గారికి శరణు.

నేను జంగం సత్తమ్మను. మాలో పోయినవాళ్లను కాల్చరు, పడుకోబెట్టరు. చేతిలో లింగం పెట్టి, పూజలో ఉన్నట్టు కూర్చోబెట్టి పూడుస్తారు. పోయినేడు మా ఆయనను మీ ఆరడుగుల కొలత ప్రకారం పడుకోబెట్టేశారు. ఏడుపులో నోరెత్తలేకపోయాను. నా దగ్గర అలా కుదరదు. నలుచదరపు గుంతకు ఇప్పుడే కాగితం రాసివ్వండి. గుంతలు తవ్వే మొగిలయ్యను అడిగితే, "కమిటీ కాయితం లేకుంటే గడ్డపార ముట్టనవ్వా" అన్నాడు.

ఇట్లు,
సత్తమ్మ

తా.క.: తొందరేం లేదు. ఆరోగ్యం బాగానే ఉంది.

ఉప్పల్,
జూన్ 9.

శ్రీమతి సత్తమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కమిటీ ఉలిక్కిపడింది. ఆరోగ్యం బాగుందంటూనే గుంతలో కూర్చుంటానంటున్నారు! జీవసమాధి నేరం. పైగా భక్తులు ఎగబడితే బళ్లు పెట్టుకోవడానికి మనకు జాగా లేదు. ఆ ఆలోచన మానుకోండి.

భవదీయుడు,
సీతారామయ్య, రిటైర్డ్ రైల్వే ఇంజనీరు

తా.క.: మా ఆవిడ ఛాయాదేవి మాత్రం దర్శనం వేళలు కనుక్కోమంటోంది.

నాచారం,
జూన్ 12.

సీతారామయ్య గారికి శరణు.

పోయాకే కూర్చోబెట్టమన్నాను స్వామీ! మల్లాపూర్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడి డబ్బాలు ప్యాక్ చేశాను. స్టూలు అడిగితే సూపర్‌వైజరు "కూసుంటే పనెట్లయితది?" అన్నాడు. బస్సులోనూ నిలబడ్డాను, రేషన్ షాపు ముందూ నిలబడ్డాను. బతికినన్నాళ్లూ నిలబెట్టి, చచ్చాక పడుకోమంటారా? మీ పద్ధతి ఎవరైనా మారిస్తే మీరు ఊరుకుంటారా? నాకు మస్తు కోపంగా ఉంది. సోమవారం నుంచి మీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటాను. కాగితం ఇచ్చేదాకా లేవను.

సత్తమ్మ

తా.క.: చాప నేనే తెచ్చుకుంటాను.

ఉప్పల్,
జూన్ 24.

సత్తమ్మ గారికి నమస్కారాలు.

తొమ్మిది రోజులుగా మిమ్మల్ని దాటుకుంటూ ఆఫీసులోకి పోతున్నాం. ఆరడుగుల నియమం ఎవరు పెట్టారా అని నిన్న పాత రిజిస్టరు తిరగేశాను. సంతకం నాదే. మావాళ్లను కాలుస్తారు కనుక గుంత గురించి నేనెన్నడూ ఆలోచించలేదు. తప్పు నాది. మీ వారి పక్కనే నలుచదరపు గుంతకు అనుమతి ఇస్తున్నాం. మొహం చెల్లక పోస్టులో పంపుతున్నాను. ఇక చాప చుట్టేయగలరు.

భవదీయుడు,
సీతారామయ్య

తా.క.: సత్తమ్మా, ఇది ఛాయాదేవి రాత. కవరు అంటించి పోస్టులో వేయమని ఆయన నాకిచ్చారు. నలభై రెండేళ్లుగా ఆయన కంచం ముందు నిలబడి వడ్డిస్తున్నాను. మాలో కాలుస్తారని తెలుసు. అయినా నీ పక్కన ఇంకో నలుచదరం పడుతుందేమో మొగిలయ్యను అడుగు. కాగితం సంగతి నేను చూసుకుంటాను. రేపటి నుంచి మా వంటింటి గుమ్మంలో చాప వేస్తున్నాను.