అరిగిన బొటనవేలు

మంగళవారం, మార్కాపురం

పలకల ఫ్యాక్టరీలో పని పోయినందుకు రావలసిన భృతి ఈ రోజు కూడా మంజూరు కాలేదు. ఆఫీసులో మిషన్ నా వేలిముద్ర తీసుకోలేదు.

"గీతలన్నీ యాడికి పోయినాయమ్మా?" అన్నాడు క్లర్కు.

"పలకలు రుద్ది రుద్ది అరిగిపోయినాయి నాయనా. నువ్వు అఆలు దిద్దింది వాటి మీదనే" అన్నాను. ఆయన నవ్వలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నాడు.

ఇందాక లైటు కింద చూసుకుంటే బొటనవేలి మీద సన్నగా ఒక గీత కనిపించింది. పని లేకపోయేసరికి మళ్లీ వస్తున్నట్టుంది. సోమవారం దాకా అంట్లు తోమనని మా ఆయనతో చెప్పేశాను.

"అయితే నేను తోమాల్నా?"

"ఇంకెవరు?"

ఎక్కడైనా పలకల పని దొరికితే ఈ గీతా పోతుంది. పోతే పోనీ, ముందు ముద్ర పడాలి.