అత్తయ్య ఆదా చేసిన కరెంటు

నవంబర్ 4

మా కార్పొరేషన్ ఆఫీసులో నా ప్లాన్ పాసయింది. ఊళ్లో పాత ట్యూబులైట్లు, మోటార్లు మార్పించాలి. డాబాల మీద బ్యాటరీలతో సోలార్ పెట్టించాలి. సాయంత్రంపూట వాడకం తగ్గితే ఊరి పక్క పవర్ స్టేషన్లో పొగ కక్కే ఆ పాత బొగ్గు బాయిలర్‌తో పనుండదు. అది ఆగితే గాలి బాగుపడుతుంది. ఇంటికి రాగానే అత్తయ్యకి చెప్పాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే నవ్వారు. పొద్దస్తమానం ఆ ఆక్సిజన్ మెషిన్ పక్కన కూర్చునే మనిషికి ఇంతకన్నా మంచి కబురేముంటుంది?

నవంబర్ 19

అత్తయ్య నాకంటే పెద్ద ఇంజనీరైపోయారు. మా ఆయన భోంచేస్తుంటే ఫ్యాన్ కట్టేయించారు. హాల్లో లైటు కూడా దండగేనట. ఇంటికి దీపం ఇల్లాలే కదరా, నీ పెళ్లాం వచ్చేసిందిగా, ఇంక బల్బెందుకని ఆయన్ని ఆటపట్టించారు. పక్కింటి టైలర్‌కి ఫోన్ చేసి, సతాయించి, అతని పాత మోటారూ మార్పించారు.

డిసెంబర్ 12

సాయంత్రం వాడకం పడిపోయింది. గ్రాఫ్ చూసి ఆఫీసంతా చప్పట్లు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

జనవరి 8

బాయిలర్ ఆగదు. మనం మిగిల్చిన కరెంటుని పై ఊళ్ల ఫ్యాక్టరీలకి అమ్ముకుంటారట. కాంట్రాక్ట్ కూడా అయిపోయింది. పవర్ స్టేషన్ మేనేజర్ మీటింగులో మాకు థాంక్స్ చెప్పాడు. ఇన్నాళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు.

మరి గాలి సంగతేమిటని మా బాస్‌ని అడిగాను. ఇంత కరెంటు మిగిలితే ఇంత పొగ తగ్గినట్టే లెక్క, అలాగే రిపోర్ట్ రాసెయ్ అన్నాడు. రాసేశాను.

ఎప్పుడు ఆపుతారమ్మా అని అత్తయ్య అడిగారు. త్వరలోనే అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

జనవరి 21

దండెం మీది బట్టలన్నీ మళ్లీ ఉతికాను. మసి.

ఫిబ్రవరి 2, సాయంత్రం

ఇవాళ పెందలాడే వచ్చాను. అత్తయ్య గదిలో మెషిన్ చప్పుడు లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. పరిగెత్తుకెళ్లి స్విచ్ వేశాను. కరెంటు పోయి వచ్చిందేమో అనుకున్నాను. కాదు, ఆవిడే కట్టేశారు. రోజూ నేను ఆఫీసుకెళ్లాక కట్టేసి, నేనొచ్చే ముందు మళ్లీ వేస్తున్నారట. కాస్త ఊపిరందాక చెప్పారు.

"ఇంట్లో అన్నిటికంటే కరెంటు తాగేది ఇదేనమ్మా. ఊరందరికీ నీతులు చెప్పి నేను తాగితే ఏం బావుంటుంది? ఆ పొగ ఆగిపోతే నాకీ మెషినే అక్కర్లేదుగా."

అత్తగారని కూడా చూడకుండా చెడామడా తిట్టేశాను. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఫిబ్రవరి 3

మళ్లీ కట్టేశారు.

ఇవాళ నిజం చెప్పేద్దామనే వెళ్లి పక్కన కూర్చున్నాను. మొహం చూశాక వేరే మాట వచ్చింది. బాయిలర్ ఆపేశారత్తయ్యా, ఇంక మీరు మెషిన్ కట్టెయ్యక్కర్లేదు అన్నాను. ఆవిడ గదిలోంచి పక్కింటి గోడ తప్ప ఏదీ కనపడదు. నమ్మేశారు. నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. నాకు చచ్చిపోవాలనిపించింది. కానీ మెషిన్ మాత్రం రాత్రంతా నడిచింది.

ఫిబ్రవరి 5

కిటికీ తెరవమంటున్నారు. పొగ ఆగిపోయిందిగా, కాస్త గాలి రానివ్వమ్మా అంటున్నారు.

గడియ తుప్పు పట్టింది, రావట్లేదన్నాను. కొడుకుని పిలిచి నూనె రాయమన్నారు. నిజం తెలిసిన ఆయన నా వైపు చూడకుండా రాస్తున్నారు.