తప్పు పట్టీది కాదు

స్టురేలి, మార్చి 9

చిరంజీవి తూరున్‌కు నాన్న ముద్దులు. అమ్మ పక్కనే ఉంది, ఆమెవి కూడా కలుపుకో. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి ఆ మాట రాయబోతే చెయ్యి కాస్త ఆగింది. అందరం ఉన్నాం, తింటున్నాం, నిద్రపోతున్నాం. ప్రస్తుతానికి ఇంతే రాయగలను. బాగా అలసిపోయి ఉన్నాను తల్లీ. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. కుక్క కాలు నయమైంది. పశువుల డాక్టరు కట్టిన కట్టును రెండు రోజుల్లో నమిలి పారేసింది, అయినా నయమైంది. స్కీ క్లబ్బులో ఈ ఏడు వాఫుల్స్ ఎవరు వేస్తున్నారని అడిగావు. ఇంకెవరు, మీ అమ్మే. పిల్లల పోటీ రోజున నూట ఎనభై వేసి, "వచ్చే ఏడు నన్ను పిలిచారో, ఈ పెనం మీ నెత్తిన పెడతా" అని అందరినీ బెదిరించి వచ్చింది. వచ్చే ఏడూ ఆమే వేస్తుంది.

మూడో ప్రశ్న దగ్గర నా కలం రెండు రోజులుగా ఆగిపోయింది. సైన్యం శిబిరంలో పదిహేను కిలోల మూటతో కొండెక్కించారని, పైన ఆగాక గుండె ఒడ్డున పడ్డ చేపలా గింజుకుందని, కళ్ల ముందు చీకట్లు కమ్మాయని రాశావు. "నీకెప్పుడైనా ఇలా అయిందా నాన్నా?" అని అడిగావు. నెలకోసారి మీ ఫోన్లు మీ చేతికిస్తారు కదా, పోయిన వారం ఆ అరగంటలో కూడా ఇదే అడిగావు. "లేదే! గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ సరిగ్గా తడుపుకున్నావా?" అన్నాను. అబద్ధం చెప్పాను.

అయింది. జనవరిలో కరెంటు తీగల కొండ మీదికి ఎప్పటిలాగే ఆరుసార్లు ఎక్కుదామని వెళ్లాను. నాలుగోసారి పైకి చేరేసరికి గడియారం గుండె వేగం రెండు వందల పద్నాలుగు చూపించింది. యాభై ఏడేళ్లవాడికి అంత ఎక్కడిది? పట్టీ పాడైందనుకున్నాను. కడిగాను, బ్యాటరీ మార్చాను, కొత్తది కొన్నాను. కొత్తదీ అలాగే చూపించింది. దుకాణంలో హోకున్ మూడోది చేతికిస్తూ, "ఆస్‌బ్యోర్న్, మూడు పట్టీలు ఒకేలా చెడిపోవు. వాపసు పంపాల్సింది నిన్నేమో!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇరవై ఐదోసారి పెద్ద స్కీ పోటీ పూర్తి చేసినవాళ్లకు ఇచ్చే పళ్లెం కోసం గోడకు మేకు కొట్టి ఉంచాను. ఈ ఏడుతో ఇరవై ఐదు నిండేవి. ఇక గుండె మాట ఎవరు వింటారు?

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం కొండ మీంచి వచ్చి, కింది గదిలో స్కీలకు మైనం పూసే బల్ల మీద కూలబడ్డాను. మీ అమ్మ చూసి, "ఏంటా మొహం, సున్నం కొట్టినట్టు?" అంది. పట్టీ పిచ్చి లెక్కలు చూపిస్తోందన్నాను. ఆమె వాదించలేదు. పట్టీ విప్పి తను కట్టుకుని గడియారం చూసింది. అరవై ఎనిమిది. కాసేపు చూసినా అదే అరవై ఎనిమిది. మళ్లీ నాకు కట్టింది. నూట నలభై, నూట డెబ్భై, నూట పది.

"తప్పు పట్టీది కాదు. లే, కారెక్కు," అంది.

డాక్టరు కుర్రపిల్ల, నీకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. గుండె పై గదులు లయ తప్పి వణుకుతున్నాయంది. ఏళ్ల తరబడి ఒళ్లు మరిచి స్కీ చేసినవాళ్లలో ఇది తరచూ చూస్తున్నామంది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాసింది. ఈ ఏడు పోటీ మాట ఎత్తొద్దంది.

"కష్టపడ్డాక గుండె ఒకటి రెండు సార్లు తడబడటం చాలామందికి ఉండేదేనండీ. దానికే హడలిపోనక్కర్లేదు. మళ్లీ మళ్లీ వస్తున్నా, ఆగి కూర్చున్నాక కూడా సర్దుకోకపోయినా మాత్రం చూపించుకోవాలి. కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పెట్టినా, ఊపిరందకపోయినా, స్పృహ తప్పినా ఇంక ఆలోచించకూడదు, అప్పటికప్పుడు సాయం పిలవాలి. మీరేమో ఐదు వారాలు పట్టీలు కొన్నారు," అంది.

తర్వాత, "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?" అని అడిగింది. లేదన్నాను.

మీ తాతయ్య తుర్‌స్టైన్ నలభై నాలుగేళ్లకే, క్లబ్బు ఈస్టర్ పోటీలో, చివరి గీతకు పది బారల దూరంలో పడిపోయాడని నీకు తెలుసు. అంత్యక్రియలయ్యాక కాఫీల దగ్గర ఊరంతా ఒకటే మాట: "అదృష్టవంతుడు, స్కీల మీదే పోయాడు." మన ఊళ్లో పోయినవాడికి అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా నేనూ అదే అంటున్నాను. నిన్నూ ఆ మాట చెప్పే పెంచాను. డాక్టరు అడిగినప్పుడు ఆయన చావు నాకు గుర్తు రాలేదని రాసేద్దామనుకున్నాను. కానీ వచ్చింది.

ఈ తర్వాతిది మొన్నటిదాకా మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఆ శీతాకాలం నాన్నా నేనూ కలిసి సాధన చేసేవాళ్లం. నాకు పంతొమ్మిదేళ్లు. ఆయన రెండుసార్లు కట్టెల కుప్ప మీద కూర్చుని ఛాతీ పట్టుకోవడం చూశాను. రెండోసారి పెదాలు నీలంగా ఉన్నాయి. "అమ్మకు చెప్పకురా, స్కీలు దాచేస్తుంది," అన్నాడు. చెప్పలేదు. నాన్న నన్ను పెద్దవాణ్ణి చేశాడని గర్వపడ్డాను కూడా. నెల తిరక్కుండానే పోయాడు.

గురువారం నానమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఎనభై ఒక్కేళ్ల మనిషి, ఏమైపోతుందోనని భయపడ్డాను. ఆమె అల్లుతున్న మేజోడు ఒళ్లో పెట్టుకుని, "నాకు తెలుసురా. నాతోనూ అన్నాడు, అబ్బాయికి చెప్పకే, హడలిపోతాడని," అంది. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఇన్నేళ్లు అన్నం తిన్నాం తల్లీ, ఒకరి దగ్గర ఒకరం దాచుకుంటూ. నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. తాతయ్య సంగతి చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె కలం కింద పెట్టేసింది.

"మీ అమ్మాయికి ఎన్నేళ్లు?"

"ఇరవై."

"పరీక్షలయ్యేదాకా ఆ పిల్ల పరుగెత్తకూడదు, మూట మొయ్యకూడదు. ఇవాళే ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

ఆసుపత్రి వరండాలో నిలబడి మీ శిబిరం వైద్యుడికి ఫోన్ చేశాను. తాతయ్య గురించి, నా గురించి, నీ కళ్లకు కమ్మిన చీకట్ల గురించి దాచకుండా చెప్పాను. సాయంత్రానికల్లా నిన్ను జట్టులోంచి తప్పించి, సోమవారం ఊళ్లోని పెద్దాసుపత్రికి పంపిస్తామన్నాడు.

కాబట్టి ఈ ఉత్తరం చేరేసరికి సైనిక జట్ల ఈస్టర్ స్కీ గస్తీ పోటీలో నీ చోటు ఇంకొకరికి పోయి ఉంటుంది. ఇదంతా మీ జట్టు సార్జెంట్ చేశాడనుకుని ఉంటావు. పాపం, అతన్ని తిట్టకు. చేసింది నేను. నిన్ను అడక్కుండా, నీకు చెప్పకుండా చేశాను. ఆ చోటు కోసం రెండేళ్లు నువ్వెంత పాటుపడ్డావో నాకు తెలియదా? పరీక్షలో ఏమీ లేదని తేలొచ్చు. అలా తేలాలనే నా కోరిక. అప్పుడు మా నాన్న ఉత్త పిరికిగొడ్డు, నా పోటీ చెడగొట్టాడని మీ శిబిరమంతా చాటించుకో. నాకేం చిన్నతనం లేదు.

నాకు మా నాన్న మీద కోప్పడే వీలు లేకుండా పోయింది. నువ్వు మాత్రం తనివితీరా నా మీద కోప్పడు. ఏళ్ల తరబడి కోప్పడు. నీ జుట్టు నెరిసినా మానకు.

ఇట్లు,
నీతో అబద్ధమాడి, ఆపైన నీ పోటీ చెడగొట్టిన
నీ నాన్న
ఆస్‌బ్యోర్న్