మీ చీటీ నా దగ్గరే ఉంది

వెర్నా హోటలింగ్ గారికి,

మీ ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న నేను రాస్తున్నాను. మెట్లు దిగి వచ్చి చెప్పవలసిన మాటే, కానీ మీ ఎదుట నాకు నోరు పెగలదు.

నిన్న స్కూలు బడ్జెట్ సమావేశంలో మీరు లేచి, "అద్దెకున్నవాళ్ళకి ఓటెందుకండీ? పన్ను కట్టేది మేమూ, ఓటేసేది వాళ్ళూనా? సొమ్మొకడిది, సోకొకడిది!" అన్నారు. అందరూ నవ్వారు. వెనక వరుసలో ఉన్న నన్ను చూసే అన్నారు.

మంగళవారం ఆ బడ్జెట్ మీద ఊరంతా ఓటేస్తుంది. బడ్జెట్ ఓడితే ముందుగా ఆగిపోయేది మా అమ్మాయి టెస్సా ఎక్కే స్కూలు బస్సే. స్కూలు నాలుగు మైళ్ళు, నాకు కారు లేదు. ఆ రోజు ఓటింగు జరిగే స్కూలు జిమ్‌లో ఓటర్ల పుస్తకం ముందు కూర్చునేది మీరు. "ఈవిడ ఓటు చెల్లదు" అని ఊరందరి ముందూ అంటారేమోనని భయంగా ఉంది. నా అద్దె ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుందనీ మరిచిపోలేదు. అందుకే ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను.

పోయిన సెప్టెంబరులో మీరు నా తలుపుకు ఒక చీటీ అంటించారు. "స్కూలు పన్ను పెరిగింది. పెరిగినంతా ఇకనుంచి మీ అద్దెలో కలుపుతున్నాను" అని. అప్పటినుంచీ నెలనెలా కడుతున్నాను.

మంగళవారం పొద్దున్నే వస్తాను. ఈ చిరునామాలో ఉంటున్నట్టు రుజువేదని మీరు అడగాలి, నేను చూపించాలి. కరెంటు బిల్లు మీ పేరుతోనే వస్తుంది కదా, అందుకని ఆ చీటీ మీ ముందు పెడతాను. అందులో నా చిరునామా ఉంది. నేను కట్టే పన్ను ఉంది. కింద మీ సంతకం ఉంది.

ఇట్లు,
పై వాటా మనిషి